గ్రెస్‌ఫర్డ్, నగరం: కాపాడబోయినవాళ్ల సంగతి

1934 సెప్టెంబరు 22న ఉత్తర వేల్స్‌లోని గ్రెస్‌ఫర్డ్ బొగ్గు గని పేలింది. 2014 జూన్ 27న మన కోనసీమలో, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలింది. రెండూ తెల్లవారుజామున జరిగాయి. రెండింటికీ మూలం మీథేనే. అక్కడ 266 మంది, ఇక్కడ ఇరవైమందికి పైగా పోయారు. సంఖ్యల పోలికతో నాకు పనిలేదు. పేలాక ఎదురెళ్లినవాళ్లకు తోడు ఏముంది అన్నదే నా ప్రశ్న.

గ్రెస్‌ఫర్డ్‌లో దిగినవాళ్లు తర్ఫీదైనవాళ్లు. 1911 గనుల చట్టం తర్వాత బ్రిటన్‌లో రెస్క్యూ కేంద్రాలు, జట్లు ఏర్పడ్డాయి. వీపున ఆక్సిజన్ పరికరం, పంజరంలో కేనరీ పిట్ట. మీథేన్ మండాక మిగిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మనిషికన్నా ముందు పిట్ట సోలిపోతుంది. ఇంత ఉండీ పొరుగు గని జట్టులో ముగ్గురు తిరిగి రాలేదు. మంటలు అదుపు తప్పి మళ్లీ పేలుళ్లు రావడంతో వెతుకులాట ఆపి గనినే మూసేశారు. ఆ మూత ఎగిరిపడి, పైన పనిచేస్తున్న కార్మికుడొకరు చనిపోయారు. పైకి తెచ్చిన శవాలు పదకొండే; అందులో మూడు రెస్క్యూవాళ్లవి. లోపల వందలమంది ఉండగా మూసెయ్యడం ఆ ఇళ్లవాళ్లకు ఎంత కోత పెట్టి ఉంటుందో! కానీ ఇంకో జట్టును చావుకు పంపకూడదని తేల్చే అధికారం ఎవరికో ఒకరికి ఉంది.

నగరంలో ఆ మాట చెప్పేవాళ్లే లేరు. తాటిపాక నుంచి కొండపల్లి లాంకో విద్యుత్కేంద్రానికి వెళ్లే 18 అంగుళాల పైపు తుప్పుపట్టి తెగింది. గ్యాసు ఇళ్ల మధ్య, కొబ్బరితోటల్లో పరుచుకుని అంటుకుంది. ఇలాంటిచోట ముందు ఉరికేది ఇరుగుపొరుగే. వాళ్ల చేతిలో గ్యాసు మీటరు ఉండదు, పిట్టా ఉండదు. వాల్వు కట్టేశాక కూడా మధ్యలో మిగిలిన గ్యాసు మండుతూనే ఉంటుందని వాళ్లకు చెప్పినవాళ్లెవరు? గ్యాసు వాసన గురించి ముందే మొరపెట్టుకున్నామని ఊరివాళ్లు అప్పట్లో అన్నారు.

పోలిక ఒకచోట తెగుతుంది. గనికి నోరు ఉంది, అక్కడ కాపలా పెట్టొచ్చు. ఊరికి నోరెక్కడ? వ్యవధీ లేదు. అదే మండలంలో 1995 జనవరిలో పాశర్లపూడి ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని 65 రోజులు మండింది. అక్కడ జనాన్ని ఖాళీ చేయించడానికి, విదేశీ నిపుణుల్ని రప్పించడానికి వ్యవధి దొరికింది. నగరంలో దొరకలేదు.

మనవాళ్లకు ఈ విద్య తెలియదనలేం. సింగరేణి బొగ్గు సంస్థకు సొంత రెస్క్యూ దళాలున్నాయి. 2025 ఫిబ్రవరిలో తెలంగాణలో ఎస్‌ఎల్‌బీసీ కాలువ సొరంగం కూలినప్పుడు వాళ్లనూ పిలిచారు. బొగ్గు తవ్వేచోట ఉన్న ఆ ఏర్పాటు గ్యాసు పారే ఊళ్లకు చేరలేదు. ఇది కంపెనీల లోపమే, ఊరిది కాదు.

ఆ ఏర్పాటు వచ్చేదాకా కోనసీమ పాఠకులకు ఒక్క మనవి: మీ తోట పక్కన పైపులైను గుర్తుబోర్డు మీది ఎమర్జెన్సీ నంబరు రాసిపెట్టుకోండి. తేడా కనబడితే పొయ్యీ, స్విచ్చూ, బండీ ముట్టుకోవద్దు. గాలి ఎటునుంచి వస్తోందో అటువైపుగా నడిచి, దూరం వెళ్లాకే ఫోను చెయ్యండి.