గానుగెద్దు నడక, గుండె నడక

కదిరి పక్కనున్న గాండ్లపెంట పేరులోనే గానుగ ఉంది. గానుగ ఆడించి నూనె తీసేవాళ్ళను గాండ్లవాళ్ళు అంటారు. ఎద్దు తిరిగే గానుగలు ఇప్పుడు దాదాపు కనిపించవు గానీ, ‘గానుగెద్దులా తిరుగుతున్నాడు’ అన్న మాట మాత్రం మిగిలింది. ఆ ఎద్దు దారి గీసి చూపించమంటే పిల్లలైనా గీస్తారు. ఒక వలయం, అంతే. ఇప్పుడెక్కడుందో తెలిస్తే గంట తర్వాత ఎక్కడుంటుందో చెప్పేయొచ్చు. అదే ఊళ్ళో వేరుశనగ విత్తు ఎప్పుడు వేస్తారని రైతును అడిగితే ఆకాశం వైపు చూస్తాడు. పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ సగటు ఎవరి చేనులోనూ కురవదు.

మరి ఆరోగ్యంగా ఉన్న మనిషి గుండె ఎవరి దారిన నడుస్తుంది? ఎద్దు దారినా, వాన దారినా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు వాన లెక్కలు వేసిన మనిషి దగ్గరికి వెళ్ళాలి. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్ మీద వాతావరణాన్ని లెక్క కడుతున్నారు. పాత లెక్కనొకదాన్ని మధ్యలోంచి మళ్ళీ నడపాలనుకుని, 0.506127 అన్న అంకెకు బదులు కాగితం మీద అచ్చైన 0.506 కొట్టి కాఫీకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి కొత్త వాతావరణం పాతదానితో ఏ పోలికా లేకుండా పోయింది. సమీకరణాలు అవే, యంత్రం అదే. తేడా మూడు దశాంశ స్థానాల అవతల. మొదట్లోని చిన్న తేడా పోనుపోను ఎంత పెద్దదవుతుందో చదివే విద్యకు 1963లో ఆయన రాసిన పరిశోధన పత్రం పునాది. ఎక్కడో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే మరెక్కడో తుఫాను రేగొచ్చన్న పోలిక 1972 ఉపన్యాసంతో లోకప్రసిద్ధమైంది. ఆ ఉపన్యాసానికి పేరు పెట్టింది లోరెంజ్ కాదు, సభ ఏర్పాటు చూసిన మరో శాస్త్రవేత్త. గణితంలో దీనికి ‘కేయాస్’ అన్న పేరును 1975లో గణితవేత్తలు లీ, యార్క్ స్థిరపరిచారు.

కేయాస్‌ను తెలుగులో కల్లోలం అనగానే గందరగోళం అనుకుంటాం. ఇక్కడ సంగతి వేరు. నియమం ఉంటుంది, జోస్యం ఉండదు. అడుగు ఎక్కడ పడుతుందో చెప్పలేం గానీ, ఏ హద్దుల్లో తిరుగుతుందో చెప్పగలం. వలయంలో తిరిగే గానుగెద్దును హద్దులున్న చేలో మేతకు వదిలామనుకోండి. చేను దాటదు, కానీ వెళ్ళిన దారినే మళ్ళీ వెళ్ళదు.

గుండె దగ్గరికొస్తే, 1987లో రాబర్ట్ క్లైగర్ బృందం గుండెపోటు తర్వాత బతికి బయటపడిన 808 మందికి ఇరవైనాలుగు గంటల ఈసీజీ తీసి, చప్పుడుకు చప్పుడుకు మధ్య వ్యవధి ఎంత మారుతోందో చూసింది. ఆ మార్పు బాగా తక్కువగా ఉన్నవాళ్ళకు, ఎక్కువగా ఉన్నవాళ్ళకంటే మరణ ముప్పు 5.3 రెట్లుగా తేలింది. నాడి గడియారంలా కొట్టుకుంటే సంతోషించే అలవాటు మనది. ఆ అలవాటుకు ఇది ఎదురుదెబ్బ. హార్వర్డ్ వైద్యుడు ఆరీ గోల్డ్‌బర్గర్ ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్ళి, జబ్బు పడడమంటే చాలాసార్లు వైవిధ్యం పోగొట్టుకోవడమేనని వాదించారు.

ఇక్కడ కాస్త ఆగాలి. తేడా ఉంటే చాలనుకుంటే పొరపాటు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది, అదీ జబ్బే. గుండె చప్పుడు గణితం చెప్పే కచ్చితమైన అర్థంలో కేయాసేనా అన్నది కూడా తేలలేదు. 2009లో ‘కేయాస్’ అనే పత్రికే దీని మీద ప్రత్యేకంగా చర్చ నడిపింది. ఈ సిద్ధాంతాన్ని ఆసుపత్రిలోకి తెచ్చేవాళ్ళు ఈ జాగ్రత్తను గుమ్మం బయటే వదిలేయడం మామూలే.

జబ్బు పడ్డవాళ్ళకు రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీలో ఈ సిద్ధాంతం ఎంతవరకు పనికొస్తుంది? ఆ పేరులోని ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు. స్నానం చేయడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, సంగటి కెలకడం, మగ్గం నేయడం, మనిషి రోజంతా చేసే పనులన్నీ అందులోకే వస్తాయి. మన దేశంలో ఈ విద్యకు దారి వేసినవారు అమెరికాలో పుట్టి బొంబాయి కోడలైన కమలా నింబ్కర్. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ శిక్షణ మొదలైంది. తొలినాళ్ళలో పాశ్చాత్య దేశాల థెరపీ గదుల్లో రోగుల చేతులకు పని చెప్పడానికి చిన్న మగ్గాలు పెట్టేవారు. పట్టు నేసే ధర్మవరంవాళ్ళు వింటే నవ్వుకుంటారేమో. వాళ్ళకు మగ్గం మందు కాదు, అన్నం.

ధర్మవరం నేతగాడు ఒకరికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందనుకుందాం. పాత పద్ధతిలో సరైన కదలిక ఒకటుంటుంది. దాన్ని వందసార్లు చేయించి అలవాటు చేయాలి. ఇది గానుగెద్దు శిక్షణ. దీన్ని పెకలించిన పని వందేళ్ళ కిందటే మాస్కోలో జరిగింది. 1920లలో శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనుభవమున్న కార్మికులు సుత్తితో ఉలిని కొడుతుంటే వాళ్ళ కీళ్ళకు చిన్న దీపాలు కట్టి ఫోటోలు తీశారు. సుత్తి తల ప్రతిసారీ దాదాపు ఒకే చోట పడుతోంది. భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ప్రతిసారీ వేరే దారిలో కదులుతున్నాయి. భుజం కాస్త పక్కకు పోతే మణికట్టు సర్దుకుంటోంది. నైపుణ్యమంటే ఒకే కదలికను అచ్చు దించడం కాదు, ఒకే ఫలితానికి వేర్వేరు దారులు ఎరిగి ఉండడం. ‘పునరావృతి లేని పునరావృతి’ అని ఆయన దానికి పేరు పెట్టారు.

గుంట మగ్గం మీద కూర్చున్నవారిని చూస్తే ఇది అర్థమవుతుంది. ఒక చెయ్యి తాడు లాగితే నాడె పరుగెత్తుతుంది, రెండో చెయ్యి పన్నెతో పేకను బిగిస్తుంది, కాళ్ళు గుంటలో తొక్కుతాయి. పట్టుపోగు తేమకు ఒకలా, ఎండకు ఒకలా ఉంటుంది. పోగు తెగితే ఆపి అతకాలి. అందుకే ఈ తీరులో పనిచేసే థెరపిస్టు నేతగాడి చేతికి ఒకే గ్లాసు ఇచ్చి వందసార్లు ఎత్తించరు. ఈరోజు నిండు చెంబు, రేపు సగం చెంబు, ఒకసారి కూర్చుని, ఒకసారి నిలబడి, ఒకసారి పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఎత్తిస్తారు. చెయ్యి ఎలా కదలాలో చెప్పడం తగ్గించి, చుట్టూ ఉన్న పరిస్థితిని మారుస్తారు.

ఒక్క పరిస్థితి మారితే ఎంత మారుతుందో 1984లో మనస్తత్వవేత్త ఎస్తెర్ థెలెన్ చూపించారు. అప్పుడే పుట్టిన బిడ్డను నిలబెట్టి పట్టుకుంటే అడుగులు వేస్తున్నట్టు కాళ్ళాడిస్తుంది. కొన్ని వారాలకు అది ఆగిపోతుంది. మెదడు ఎదిగి ఆ చేష్టను అణిచేస్తుందని పుస్తకాలు చెప్పేవి. థెలెన్ ఆ బిడ్డలను నీళ్ళలో నిలబెట్టారు. అడుగులు మళ్ళీ వచ్చాయి. మెదడు చెరిపేసిందేమీ లేదు, కాళ్ళకు కొవ్వు పట్టి బరువెక్కాయంతే.

ఇంకో ప్రయోగం చదువుతూనే చేయొచ్చు. రెండు చూపుడువేళ్ళను, ఒకటి కుడికి పోతే రెండోదీ కుడికే పోయేలా ఆడించండి. మెల్లగా వేగం పెంచండి. ఒకచోట వేళ్ళు తడబడి, మన ఇష్టంతో పనిలేకుండా అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఆడడం మొదలుపెడతాయి. శాస్త్రవేత్త స్కాట్ కెల్సో తాను గమనించిన ఈ మార్పుకు 1985లో హాకెన్, బుంజ్‌లతో కలిసి సమీకరణం రాశారు. థెరపిస్టుకు ఇందులో విలువైనది ఆ తడబాటు. పాత అలవాటు వదులై కొత్తది ఇంకా కుదరని ఆ వేళ రోగి, ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు. చెయ్యి నిన్నటికంటే పాడైందనుకుంటారు. అనుభవమున్న థెరపిస్టు ఆ వారం విడవకుండా పక్కనే ఉంటారు. ప్రతి తడబాటూ మంచికే రాదు కాబట్టి, కళ్ళు కూడా తెరిచే ఉంచుతారు.

ఆక్యుపేషనల్ థెరపీలో ఈ ఆలోచనను నేరుగా పేరుపెట్టి పిలిచినవారు చార్లట్ రోయీన్. 2003లో అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపీ సంఘం ప్రతిష్ఠాత్మకంగా భావించే స్లాగిల్ ఉపన్యాసాన్ని ఆమె దీని మీదే ఇచ్చారు. అయితే ఈ రంగంలో లోరెంజ్ సమీకరణాలు వేసి రోగికి వ్యాయామం రాసే వాళ్ళెవరూ లేరు. ఇక్కడ కేయాస్ చాలావరకు చూసే తీరు మాత్రమే. ఆ మాట ఒప్పుకుంటే దాని విలువ తగ్గదు.

లోరెంజ్ కొట్టిన 0.506 లాంటి, లెక్క మొదలయ్యే అంకెలను కేయాస్‌లో ‘మొదటి పరిస్థితులు’ అంటారు. ఆ మాట మన పల్లెల్లో ఇంటి గడపగా, బావిగట్టుగా, మగ్గం గుంటగా కనిపిస్తుంది. ఆసుపత్రిలో కుర్చీలోంచి లేవడం నేర్చుకున్న మనిషి ఇంటికెళ్ళి గుంటలోకి కాళ్ళు దించాలి. 1978 ఆల్మా-ఆటా ప్రకటన తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ సముదాయ ఆధారిత పునరావాసాన్ని ముందుకు తెచ్చింది. సేవను ఆసుపత్రి గోడలు దాటించి ఊళ్ళోకి తేవాలన్నది దాని సారం. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు దివ్యాంగులతో చేసే పనికీ ఊళ్ళే ఆధారం. ఆ సంస్థ పెద్దాసుపత్రి ధర్మవరం పక్కనే బత్తలపల్లిలో ఉంది. గాండ్లపెంట నుంచి వెళ్ళాలంటే కదిరి, ముదిగుబ్బ దాటాలి. అంత దూరం ప్రయాణం చేసొచ్చిన చెయ్యి ఆసుపత్రి బల్లమీద చూపించే బలం ఒకటి, పొద్దున్నే ఇంట్లో చూపించే బలం ఒకటి. ఒక్కరోజు కొలతతో తీర్పు రాయకుండా వారాల తరబడి రాసిపెట్టుకోమని ఈ సిద్ధాంతం చెప్పడం అందుకే.

మళ్ళీ ధర్మవరం నేతగాడి దగ్గరికే వస్తే, థెరపిస్టు వెళ్ళి గుంట అంచున కూర్చుంటారు. “ఏం పెద్దాయనా, ఎన్ని మూరలైంది?” అని ఇంటివాళ్ళందరూ అడిగేదే అడుగుతారు. పుస్తకంలో మాత్రం వేరే సంగతి రాసుకుంటారు: పోగు తెగినప్పుడు ఈ వారం ఎన్ని తీర్లుగా చెయ్యి తిప్పి అతికాడు, ఎడమచేతి సాయం ఎప్పుడు మానేశాడు, ఎప్పుడు మళ్ళీ అడిగాడు.