సన్నని నడుము: సౌందర్యమా, ఆకలా?

సౌందర్యం దేశకాలాలకు అతీతమనీ, దానికి వర్గం లేదనీ వాదించే విమర్శకులు నేటికీ ఉన్నారు. ఆ వాదం ఎంతవరకు నిలుస్తుందో రాయలసీమలోనే, స్త్రీ నడుమును గురించిన భావన ఒక్కటి తీసుకొని పరీక్షిద్దాం.

కడప జిల్లాలోని కోకటం అల్లసాని పెద్దన అగ్రహారం. పదహారో శతాబ్దంలో ఆయనా, ఆయన తోటి ప్రబంధ కవులూ వర్ణించిన నాయికలకు నడుము ఉన్నదా లేదా అన్న సందేహమే అలంకారం. ఆ నడుము ఏనాడూ నీళ్ల కుండ మోయలేదు. ఒంగి కలుపు తీయలేదు. దాని సన్నదనం ఆకలి ఫలితం కాదు, తీరిక ఫలితం. శ్రమ ఎరుగని దేహమే ఆస్థానానికి ఆదర్శం.

అదే నేల మీద 1876–78 కరువు వచ్చింది. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల ప్రజలు వేలాదిగా మాడిపోయారు. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లోని మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. ఈ చరిత్ర గల సీమలో సన్నని దేహం మృత్యువుకు గుర్తు. 1950ల దశకంలో విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో గంగమ్మను నిలబెట్టినప్పుడు ప్రబంధ నాయిక నడుముకు మొదటిసారి సరైన జవాబు దొరికింది. మన పల్లెల్లో “చిక్కిపోయినావు కదమ్మా” అనేది పొగడ్త కాదు, పరామర్శ.

ఇప్పుడు మూడో నడుము వచ్చింది, అది మార్కెట్టుది. 2015లో వచ్చిన ‘సైజ్ జీరో’ చిత్రం దీనిని ఎదిరించడానికి పూనుకున్నది. అందుకు అభినందించవలసిందే. లావుగా ఉన్నందుకు పెళ్లి కుదరని యువతి అందులో నాయిక. బరువు తగ్గించే కేంద్రం మోసాన్ని చిత్రం బట్టబయలు చేస్తుంది. కాని దోషమంతా ఒక్క వ్యాపారి నెత్తిన వేసి, ఆ వ్యాపారికి గిరాకీ తెచ్చిన పెళ్లిచూపుల వ్యవస్థను తేలికగా వదిలేస్తుంది. మెచ్చే మగవాడు దొరకడమే పరిష్కారమైతే, కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నట్లు? పాత్ర కోసం అనుష్క బరువు పెరగడమే సాహసంగా ప్రచారమైంది. పరిశ్రమకు మామూలు కొలత ఏమిటో ఆ ప్రచారమే చెబుతున్నది.

లావు ఆరోగ్యానికి చేటు కాదా అని అడగవచ్చు. నిజమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం అధిక బరువు గలవారు; 14.8 శాతం ఉండవలసినంత బరువు లేనివారు, 58.8 శాతం రక్తహీనులు. ఈ మూడింటికీ మందు పప్పు, ఆకుకూర, గుడ్డు, విశ్రాంతి. ఇవి కూలిరేటుకు సంబంధించిన విషయాలు. నడుము కొలతకు ఇందులో చోటు లేదు.

కోసిగి, ఆదోని ప్రాంతాల నుంచి తల్లులు సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతకు పోతారు. బిడ్డ కాలేజీలో కడుపునిండా తింటున్నదన్న ధీమాతో పోతారు. ఆ బిడ్డ ఇక్కడ మధ్యాహ్నం సంగటి మానేసి, “సన్నబడ్డావే” అన్న స్నేహితురాలి మాటకు మురిసిపోతుంది. సెలవుల్లో తల్లి వచ్చి అదే మాటను కన్నీళ్లతో అంటుంది. ఒకే మాట ఒక తరానికి శోకం, మరో తరానికి వరం. ఈ మార్పును మాటలో పట్టుకోలేని విమర్శ ఎన్ని ప్రబంధాలు బోధించినా వ్యర్థమే. తరగతి గదిలో నాయిక నడుమును వర్ణించేటప్పుడు, అధ్యాపకుడు గంగమ్మను కూడా పక్కన నిలబెట్టాలి.