గరుకు గోడ మీద అరువు బొమ్మ

పాములపాడు దాటి ఆత్మకూరు వైపు, నల్లమల అంచు గూడేలకు పోయినప్పుడల్లా ఈమధ్య మాకు ఒకే బొమ్మ ఎదురవుతోంది. ముక్కోణం మీద ముక్కోణం నిలబెట్టిన ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, గుండ్రంగా చేరి ఆడే జనం. బడి గోడ మీద అదే, ఆఫీసు ప్రహరీ మీద అదే, కొత్త కాలనీ ఇంటి ముందు గోడ మీదా అదే. కింద ‘గిరిజన కళ’ అని రాసి ఉంటుంది. ఏ గిరిజనులది అన్నది మాత్రం ఎవరూ రాయరు.

అది వార్లీల బొమ్మ. మహారాష్ట్రలోని పాల్ఘర్ ప్రాంతంలో వార్లీ ఆడవాళ్లు పెళ్లి ఇంట్లో, లోపలి గోడ మీద వేస్తారు. 1970ల నుంచి జివ్యా సోమా మాశే దాన్ని కాగితం మీదికీ గుడ్డ మీదికీ తెచ్చాడు. 2011లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మ మీద మాకు కోపం లేదు. మా పేచీ గోడ దగ్గర మొదలవుతుంది.

వార్లీ ఇంట్లో బొమ్మ కన్నా ముందు గోడ తయారవుతుంది. మన్నూ పేడా కలిపి అలికి, ఎర్రమన్ను పూసి ఆరబెడతారు. ఆ తర్వాతే బియ్యప్పిండి నీళ్లు, కొన నలిపిన వెదురు పుల్ల. మట్టి గోడ ఆ తెలుపును పీల్చుకుంటుంది కాబట్టే గీత కుదురుగా కూర్చుంటుంది. మన సవరల ఇడితాల్ కూడా అంతే. ఎర్రగా అలికిన లోపలి గోడ మీద, పెద్దల కోసం, దేవతల కోసం వేసేది. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద అచ్చువేసిన పుస్తకంలో ఆ బొమ్మల గురించి రాశాడు. రోడ్డున పోయేవాళ్లు చూడాలని వేసినవి కావవి.

మన కాలనీ గోడ సంగతి వేరు. బయట సిమెంటు పూత గరుకుగా వదిలేస్తారు. నీళ్లు సరిగా తడపరు, ఆరనివ్వరు, దుమ్ము కూడా దులపరు. దాని మీదే డబ్బా రంగు పూసి బొమ్మ దించుతారు. లోపలి తేమ బయటికి వస్తూ ఉప్పును తెస్తుంది, రంగు పొరలు పొరలుగా లేస్తుంది. మేం చూసిన ఒక గోడ మీద రెండో వానాకాలానికి డోలు మిగిలింది, డోలు కొట్టేవాడు రాలిపోయాడు.

గరుకు గోడ చెడ్డదేం కాదు, పూతను బాగా పట్టుకుంటుంది. కొత్త సిమెంటయితే వారమన్నా నీళ్లు కొట్టి, ఆపైన నెల ఆరనివ్వాలి. తీగ బ్రష్షుతో వదులు ఇసుక రాల్చి, పగుళ్లు పూడ్చి, కడగాలి. డబ్బా రంగయితే ముందు ప్రైమర్ తప్పదు. డబ్బు లేకపోతే సున్నం చాలు. కాల్చిన సున్నం గడ్డలను ముందురోజే నీళ్లలో చల్లార్చి, గుడ్డతో వడగట్టి, తుమ్మబంక కలిపి, తడిపిన గోడ మీద పలచగా రెండు మూడు పూతలు వేయాలి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. చిక్కగా పూస్తే పెచ్చులు లేస్తుంది. (సున్నం చల్లార్చే చోటికి పిల్లలను రానివ్వొద్దు, కళ్లు పోతాయి.) ఈ పనికి ఎవరూ ఫొటో తీయరు. అందుకే ఎవరూ చేయరని మా అనుమానం.

ఇక అసలు మాట. చెంచుల గోడ మీద బొమ్మ ఏది అని అడుగుతారు. హైమండార్ఫ్ 1940లో కృష్ణకు అవతల, అమ్రాబాద్ పీఠభూమిలో తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేశాడు. అందులో కనిపించేది వెదురు తడికల గోడ, శంఖంలా దిగిన గడ్డి కప్పు. ఆ గోడ మీద బొమ్మ ఉండదు, అక్కడ చేతిపని అంతా అల్లికలోనే ఉంది. వెదురును ఒకే వెడల్పున చీల్చడం, ఒక బద్ద పైనుంచి ఒకటి కిందినుంచి పోనివ్వడం, పొగ పోయేంత, గాలి వచ్చేంత సందు ఉంచడం. దాన్ని చూడ్డం రానివాళ్లు ‘ఇక్కడ కళ లేదు’ అనుకుని పక్క రాష్ట్రపు బొమ్మ తెచ్చి అతికిస్తున్నారు. సుగాలి తండాల్లోనూ ఇదే వరస. వాళ్ల పనితనమంతా అద్దాల కుట్టులో కళ్లెదుట ఉండగా, గోడకు మాత్రం వార్లీ ఆట.

పిల్లలకు నచ్చింది కదా అని మా కుర్రాళ్లే అంటారు. నచ్చనీ. ఇంకో తెగ దగ్గర నేర్చుకోవడం తప్పు కాదు. కాకపోతే కింద ‘వార్లీ’ అని రాయాలి. పేరు రాయకపోతే వాళ్లదీ పోతుంది, మనదీ పోతుంది. అయిదేళ్లు ఆ గోడ చూసి పెరిగిన చెంచు పిల్ల అది తన అవ్వ వేసిన బొమ్మే అనుకుంటుంది. తడిక అల్లే తాత పక్కింట్లోనే ఉన్నా అడగదు.

2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద చెంచులకూ ఇళ్లు వస్తున్నాయి, ఇంటికి 2.39 లక్షల లెక్కన. ఏ ఇంటికైనా బయటి పూత ఆఖరి పని, అప్పటికి చేతిలో డబ్బు ఉండదు. ఆ గోడలు అలా గరుకుగానే నిలబడి ఉంటాయి, బొమ్మ వేసేవాళ్లు వచ్చేదాకా. టీచర్లను మేం అడిగేది ఒకటే. వాళ్లు వచ్చినప్పుడు డబ్బాలు దించకముందే పిల్లలను ఆ గోడ మీద చెయ్యి రాసి చూడమనండి. ఇసుక అరచేతికి అంటితే, ఆ రోజుకు బొమ్మ ఆపించండి.