తాకి చూచు గణకయంత్రము

స్లైడు రూలుతో లెక్కలు చేసిన తరమువారికి ఒక సంగతి బాగుగా తెలియును. 2ను 3చే గుణించినను, 20ని 300చే గుణించినను ఆ సాధనము 6 అను అంకెనే చూపును. దశాంశ బిందువు ఎచ్చట పడవలెనో చెప్పదు. జవాబు సుమారుగా ఎంత ఉండవలెనను అంచనా లెక్క చేయువాని మనస్సులోనే ఉండవలెను. 1972లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ హెచ్.పి.-35 అను జేబు గణకయంత్రమును వెలువరించిన పిమ్మట స్లైడు రూలు మూలబడినది. దానితోపాటు ఆ అంచనా వేయు అలవాటు కూడ చాలవరకు మూలబడినది. 1985లో క్యాసియో సంస్థవారి ఎఫ్ఎక్స్-7000జి యంత్రము వచ్చి, రేఖాచిత్రమును గీయు పనిని కూడ విద్యార్థి చేతినుండి తీసికొన్నది. 2003లో అదే సంస్థవారి క్లాస్‌ప్యాడ్ 300 చిన్న కలముతో తెరను తాకు పద్ధతిని తెచ్చినది. 2013లో వచ్చిన హెచ్.పి. ప్రైమ్ యంత్రము కలము కూడ అక్కరలేకుండ, వ్రేలితోనే వక్రరేఖను కదలించు వీలు కల్పించినది. ఇట్టి యంత్రమును మొదటిసారి చేతబట్టిన విద్యార్థికి లభించునదేమి, చేజారునదేమి అనునది ఆలోచింపదగిన విషయము.

మొదట కంటికి కనబడునది తెర. అది మూలనుండి మూలకు మూడున్నర అంగుళములు. అడ్డముగా 320, నిలువుగా 240 చుక్కలు, అనగా మొత్తము 76,800 చుక్కలు గలది. 1985నాటి యంత్రపు తెరలో 96ను 64చే గుణింపగా వచ్చు 6,144 చుక్కలు మాత్రమే ఉండెను. ఇది దానికి పండ్రెండున్నర రెట్లు. పైగా రంగులు కలవు. మూడు నాలుగు వక్రములను ఒకేచోట గీసినను ఏది ఏదియో పోల్చుకొనవచ్చును. తెర క్రింద మీటల వరుసలను తీసివేయకుండుట మెచ్చదగిన నిర్ణయము. చూపును పుస్తకముపై నిలిపి, వ్రేళ్ళతో అంకెలు నొక్కుటకు నునుపైన అద్దముకంటె ఎత్తుగానుండు మీటయే మేలు.

మీటలలో ముఖ్యమైనవి మూడు: సింబ్, ప్లాట్, నమ్. మొదటిది ప్రమేయముయొక్క సూత్రమును, రెండవది దాని రేఖాచిత్రమును, మూడవది విలువల పట్టికను చూపును. ఒకే వస్తువును మూడు కిటికీలనుండి చూచినట్లుండును. బోధన తెలిసినవారు చేసిన ఏర్పాటిది.

తెరను తాకుటవలన కలుగు నిజమైన లాభమేమో ఒక ఉదాహరణ చెప్పును. రేడియనులలో కొలుచు సైను వక్రమును గీసి, మూలబిందువువద్ద రెండు వ్రేళ్ళనుంచి ఎడముగా జరుపుడు. చిత్రము పెద్దదగుకొలది వంపు తరిగి, వక్రము సరళరేఖవలె మారును. ఇప్పుడు ఎక్స్‌యొక్క పరమమూల్యమును గీసి అట్లే పెద్దది చేయుడు. మూలబిందువువద్దనున్న మూల ఎంత పెద్దది చేసినను మూలగానే నిలుచును. మొదటి ప్రమేయమునకు అచ్చట అవకలజము కలదు, రెండవదానికి లేదు. నల్లబల్లపై అరగంట వివరింపవలసిన భేదమును వ్రేళ్ళు అర నిమిషములో తెలిసికొనును. ఇది చిన్న మేలు కాదు.

కాని కన్ను తృప్తిపడినచోట బుద్ధి విశ్రమించు ప్రమాదము కూడ ఇచ్చటనే కలదు. ఎక్స్ వర్గమునుండి 1 తీసివేసి, ఆ శేషమును ఎక్స్‌నుండి 1 తీసివేయగా వచ్చినదానిచే భాగించు ప్రమేయమును తీసికొనుడు. ఎక్స్ విలువ 1 అయినపుడు లవము సున్న, హారము సున్న. అచ్చట ప్రమేయమునకు విలువ లేదు. తక్కిన అన్నిచోట్ల అది ఎక్స్‌కు 1 కలుపగా వచ్చు సరళరేఖయే. ఆ రేఖలో ఒక్క బిందువు లోపించినది. గణితములోని బిందువునకు వెడల్పు లేదు. తెరపైని చుక్కకు కలదు. కనుక ఎన్నిసార్లు పెద్దది చేసినను ఆ లోపమును తెర ఉన్నదున్నట్లు చూపజాలదు. నమ్ మీటను నొక్కి, పట్టికలో 1 ఎదుట చూచిన వానికే అది బయటపడును. సూత్రమును చదివిన వానికి మీట కూడ అక్కరలేదు.

ఇంతకంటె వింతయైన మోసము మరియొకటి కలదు. ఎక్స్‌ను 3600చే గుణించి, వచ్చినన్ని డిగ్రీలకు సైను కట్టవలెననుకొందము. తెరమీది 320 నిలువు వరుసలలో ఒక్కొక్కటి 0.1 చొప్పున ముందునకు పోవునట్లు అక్షమును అమర్చి, సమదూర బిందువులనే లెక్కించు పద్ధతిని ఎంచుకొన్నచో ఏమగును? 0.1వద్ద 360 డిగ్రీలు, 0.2వద్ద 720 డిగ్రీలు. అన్నిచోట్ల సైను సున్నయే. తెరపై చలనములేని అడ్డగీత కనబడును. నిజమునకు రెండు వరుసల నడుమ ప్రమేయము 1వరకు లేచి, -1వరకు పడి, మరల సున్నకు వచ్చుచున్నది. వంపునుబట్టి బిందువులను సర్దుకొను పద్ధతి కూడ యంత్రములో కలదు. ఏ పద్ధతియైనను పరిమితమైన బిందువులనే లెక్కించి నడుమ కలుపుచున్నదను మాట మాత్రము మారదు.

విమర్శింపవలసిన మరియొక అంశము యంత్రపు అంతర్నిర్మాణమునకు సంబంధించినది. ఇందు రెండు ప్రపంచములు కలవు. హోమ్ అను విభాగము దశాంశములతో పనిచేయును. 2యొక్క వర్గమూలము 1.41421356237 అని 12 అంకెలలో చెప్పును. ఆ సంఖ్యను చేతితో వర్గము చేసి చూచినచో 2 రాదు, దానికి కొంచెము తక్కువ వచ్చును. క్యాస్ అను బీజగణిత విభాగము వర్గమూలపు గుర్తును అట్లే నిలిపి, ఖచ్చితమైన జవాబు ఇచ్చును. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌కు చెందిన గణితజ్ఞుడు బెర్నార్ పారిస్ రూపొందించిన గియాక్ అను ప్రోగ్రాము దీనికి ఆధారము. రెండు విభాగములును మంచివే. చిక్కు వాని సరిహద్దులోనున్నది. హోమ్‌లో ఇంగ్లీషు పెద్దబడి ఎక్స్ ఒక సంఖ్యనుంచు పెట్టె. ఏమియు ఉంచకున్నను అందు సున్న ఉండును. క్యాస్‌లో చిన్నబడి ఎక్స్ విలువ నిర్ణయింపని చలరాశి. పెద్దబడి, చిన్నబడి అను భేదమే లేని లిపిలో అక్షరములు దిద్దిన తెలుగు పిల్లవానికి ఇది మరింత తికమకగా తోచును. చలరాశికిని సంఖ్యకును గల భేదము బీజగణితమునకు తొలిమెట్టు. దానిని అక్షరపు పరిమాణములో దాచుట సరికాదు.

ఇక వాడుక విషయము. పాత గణకయంత్రములలో అంగడిలో దొరకు చిన్న బ్యాటరీలు వేసి నెలలతరబడి పనిచేయించెడివారు. దీనిలోని లిథియమ్ అయాన్ బ్యాటరీని టెలిఫోనుకువలె చార్జి చేయవలెను. పరీక్షకు ముందునాటి రాత్రి మరచినవానికి తిప్పలు తప్పవు. పరీక్షలకొరకు కొన్ని సౌకర్యములను బంధించు ఏర్పాటు కలదు. అప్పుడు పైన దీపము మినుకుమినుకుమని పర్యవేక్షకునికి తెలుపును. అయినను బీజగణితము చేయు యంత్రములను అమెరికాలోని ఏ.సి.టి. పరీక్ష అనుమతింపదు. ఇంజనీరింగు ప్రవేశమునకు జె.ఇ.ఇ. వ్రాయు తెలుగు విద్యార్థికి ఏ గణకయంత్రమునకును అనుమతి లేదు. కావున ఇచ్చట దీని స్థానము పరీక్షాశాల కాదు. తరగతి గదియు, ఇంటి బల్లయు.

ఆ స్థానములో దీనిని మంచి సాధనమనియే చెప్పవలెను. దాని లోపమునకు మందు దానియందే ఉన్నది: చిత్రము మోసగించినచోట పట్టిక పట్టియిచ్చును, పట్టిక చాలనిచోట సూత్రము నిలబెట్టును. అయితే మూడు మీటలను నొక్కుట నేర్పవలసినవాడు ఉపాధ్యాయుడు. వక్రము ఎచ్చట అక్షమును ఖండించును, ఎచ్చట తెగును, ఎటు పోవును అని ముందు కాగితముపై పెన్సిలుతో గీయించి, తరువాతనే తెరను తాకనిచ్చినచో, స్లైడు రూలుతోపాటు మూలబడిన ఆ పాత అంచనా విద్యార్థి మనస్సులో తిరిగి చోటు చేసికొనును. ముందుగా తాకి, తరువాత ఆలోచించు వానికి మాత్రము ఈ యంత్రము చూపునది బొమ్మయే కాని గణితము కాదు.