ఎవరు పోయారట?

మా అమ్మ పోయిన పదోరోజున బంధువొకాయన పరామర్శకి వచ్చాడు. నేను కళ్ళు తుడుచుకుంటూ కాఫీ తెచ్చి ఇస్తుంటే, "పోయిందెవరమ్మా? ఏడుస్తున్నదెవరు? అది విచారించు. రమణ మహర్షి చెప్పిందదే" అన్నాడు. పెద్దవాడు కదా అని ఊరుకున్నాను. ఆ కాఫీ తాగుతున్నదెవరో విచారించకుండానే ఆయన గ్లాసు ఖాళీ చేశాడు.

ఆ తరవాత చాలా రోజులు అద్వైతమంటేనే నాకు ఒళ్ళు మంట. అది పోవడానికి సూరి నాగమ్మగారి 'శ్రీ రమణాశ్రమ లేఖలు' చదవవలసి వచ్చింది.

నాగమ్మగారు మన గుంటూరు వైపు ఆవిడ. చిన్నతనంలోనే వైధవ్యం. బడి మొహం చూడలేదు, ఇంట్లోనే చదవడం రాయడం నేర్చుకున్నారు. 1941లో అరుణాచలం చేరారు. అక్కడ జరుగుతున్నవన్నీ 1945 నుంచి బ్యాంకులో పనిచేసే అన్నగారికి ఉత్తరాలుగా రాశారు. అవే ఈ పుస్తకం. తరవాత ఆ అన్నగారే ఇంగ్లీషులోకి అనువదించారు.

వేదాంత గ్రంథాలు నేనూ తెరిచి చూశాను. రెండో పేజీలో అధ్యాస, మూడో పేజీలో కునుకు. నాగమ్మగారి దగ్గర అలా కాదు. అక్కడ లేని అన్నకి చెబుతున్నారు కనక ఏదీ వదలరు. ఎవరొచ్చారు, ఏమడిగారు, మహర్షి నవ్వారా, ఊరుకున్నారా, సోఫా మీదికెక్కిన ఉడతకి ఏం పెట్టారు, అన్నీ ఉంటాయి. ఆ కబుర్ల మధ్యలో, మనకి తెలియకుండానే, ఆత్మ సంగతి వచ్చేస్తుంది. పుట్టింటికి ఉత్తరం రాసిన ప్రతి ఆడదానికీ తెలిసిన విద్యే ఇది. వేదాంతానికి వాడిన వాళ్ళు మాత్రం తక్కువ.

పైగా ఆ ఆశ్రమంలో వంటిల్లు పెద్ద విషయం. మహర్షి స్వయంగా కూరలు తరిగేవారు, పచ్చళ్ళు రుబ్బేవారు. ఏదీ వృథా చేయనిచ్చేవారు కాదు. తనకని ప్రత్యేకంగా వడ్డిస్తే ఒప్పుకునేవారు కాదు. ఇంటిపనంతా అయ్యాకే ఆత్మవిచారం అనుకునే మనకి ఇది ఎంత దగ్గర మాట!

ఆయన చెప్పిన విచారణ నాకు అర్థమైనంత వరకు ఇది. గాఢనిద్రలో నా పేరు లేదు, ఫలానావారి భార్యననీ, ఫలానావాడి తల్లిననీ లేదు, ఈ శరీరమున్న స్పృహ కూడా లేదు. అయినా లేచి "హాయిగా నిద్రపోయాను" అంటాను. మరి ఆ హాయిని ఎరిగినదెవరు? పొద్దున్నే ముందు 'నేను' లేస్తుంది, తరవాతే పాలవాడూ, డికాక్షనూ, పిల్లల టిఫిను డబ్బాలూ. ముందు లేచిన ఆ 'నేను' ఎక్కడినుంచి లేచిందో చూడమంటారు మహర్షి. 1902లో శివప్రకాశం పిళ్ళై అనే రెవెన్యూ ఉద్యోగి అడిగితే, అప్పట్లో మౌనంలో ఉన్న ఆయన జవాబులు రాసి చూపించారు. తమిళంలో 'నాన్ యార్' అంటే ఆడా మగా భేదం లేదు. మనవాళ్ళే 'నేనెవడను' అని దానికొక 'డు' తగిలించారు!

ఆ 'డు' సంగతి ముందే అడిగినావిడ ఒకరున్నారు. కావ్యకంఠ గణపతిముని భార్య విశాలాక్షమ్మగారు. స్త్రీ సన్యసించవచ్చునా, జ్ఞానియైన స్త్రీ దేహాన్ని దహనం చెయ్యాలా సమాధి చెయ్యాలా అని 1917లో భర్త ద్వారా అడిగించారు. నిషేధం లేదనీ, సమాధే చెయ్యాలనీ మహర్షి జవాబు. గణపతిముని సంస్కృతంలో రాసిన 'రమణగీత'లో ఉందిది. అయినా రాత్రిళ్ళు ఆడవాళ్ళు ఆశ్రమంలో ఉండకూడదనే నియమం మాత్రం ఉండేది. నాగమ్మగారు కూడా బయట ఇంట్లోనే ఉన్నారు. ఆత్మకి లేని భేదం గేటుకుంది కాబోలు.

పుస్తకంలో లోపాలు లేవనను. కొన్నిచోట్ల భక్తి పొంగిపొర్లి వాక్యం మునిగిపోతుంది. శ్లోకాలు ఎక్కువ. ముఖ్యమైన లోటేమిటంటే, 'నేనెవరు' అనే ప్రశ్న చుట్టూ తిరిగే ఇన్ని ఉత్తరాల్లో నాగమ్మగారే సరిగ్గా కనపడరు. తన సంగతి వేరే పుస్తకంలో రాశారనుకోండి. అయినా, ఆ దుఃఖాన్ని మోసుకుని అక్కడికి వెళ్ళిన మనిషి ఇక్కడ తలుపు చాటున నిలబడినట్టుంటారు. అది అహంకారం పోవడమా, ఆ కాలపు ఆడవాళ్ళకి అలవాటైన ఒదుగుడా? నేను తేల్చుకోలేకపోయాను.

కాని ఆశ్రమంలో పెరిగిన లక్ష్మి అనే ఆవు 1948లో పోయినప్పటి ఉత్తరం చూడండి. మహర్షి వెళ్ళి గడ్డిలో దాని పక్కన కూర్చున్నారు. తల నిమిరారు, గుండెమీద చెయ్యి వేశారు. 1922లో సొంత తల్లి అళగమ్మ పోయేటప్పుడూ అంతే. ఒక చెయ్యి ఆవిడ గుండెమీద, ఒక చెయ్యి తలమీద ఉంచి రోజంతా అలాగే కూర్చున్నారు. చనిపోవడమన్నది లేదని చెప్పిన మనిషి, చనిపోతున్నవాళ్ళ దగ్గరినుంచి కదల్లేదు. పోతున్నదెవరని ఆ ఆవునీ అడగలేదు, ఆ తల్లినీ అడగలేదు. ఆ ప్రశ్న మనకి మనం వేసుకోవలసింది. ఎదుటివాళ్ళ నోరు మూయించడానికి వాడితే అది అద్వైతం కాదు, ఉత్త పెత్తనం. మా అమ్మ పోయినప్పుడు నాకు కావలసింది ఒక చెయ్యి మాత్రమే.

సంవత్సరీకానికి ఆ బంధువు మళ్ళీ వచ్చాడు. కాఫీతోపాటు ఈ పుస్తకం కూడా ఇచ్చాను, లక్ష్మి ఉత్తరం దగ్గర కాగితం ముక్క పెట్టి మరీ. ఇంకా తిరిగివ్వలేదు.