కొండపల్లి కొయ్యబొమ్మల్లో శ్రమజీవి: హాస్యం, అలసట

వ్యాససంగ్రహం:
కొండపల్లి బొమ్మల తయారీ విధానాన్ని, ప్రాచీనతను వివరించి, వాటిని ‘పల్లె జీవనానికి అద్దం’ అని ప్రశంసించడం పరిపాటి. ఆ బొమ్మల్లో పనిచేస్తూ కనిపించే మనిషి ఎలాంటివాడు, అతణ్ణి చూసినప్పుడు కలిగే నవ్వు ఏ రకానికి చెందింది అనే ప్రశ్నలు ఆ ప్రశంసలో మరుగున పడతాయి. శ్రమజీవుల బొమ్మలను అలంకారశాస్త్ర, హాస్యరస దృష్టులతో పరిశీలించి, స్వీడన్ దేశపు వ్యంగ్య దారుశిల్పంతో పోల్చి విశ్లేషించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: కొండపల్లి, తెల్లపొనికి, దారుశిల్పం, వ్యంగ్యరూపం, స్వభావోక్తి, హాస్యరసం, బొమ్మల కొలువు.

1. ఉపోద్ఘాతం:
విజయవాడకు సమీపంలో ఉన్న కొండపల్లి నేడు ఎన్టీఆర్ జిల్లాలో భాగం. అక్కడి కళాకారుల చేతుల్లో దశావతారాలు, ఏనుగు అంబారీలతోపాటు తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, రోట్లో దంచే స్త్రీ, ఎడ్లబండి తోలే రైతు కూడా రూపుదిద్దుకుంటారు. దేవతామూర్తుల ఆకృతిని పురాణకథలు, ధ్యానశ్లోకాలు నిర్దేశిస్తాయి. కల్లు గీసే మనిషికి అలాంటి లక్షణగ్రంథం లేదు. అతణ్ణి ఎలా చూపాలన్నది చెక్కేవారి పరిశీలనపై, వారి పరంపరలో కుదురుకున్న నిర్ణయాలపై ఆధారపడుతుంది. అందుచేత ఈ కళ మనిషిని ఎలా చూస్తుందో తెలుసుకోవడానికి దేవతామూర్తుల కంటే శ్రమజీవుల బొమ్మలే ఎక్కువ ఉపకరిస్తాయి.

2. కర్ర స్వభావం - భంగిమ:
తెల్లపొనికి తేలికైన, మెత్తని కర్ర. సన్నని సెగతో దానిలోని తేమను పోగొట్టి, అవయవాలను వేర్వేరుగా చెక్కి అతికిస్తారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులను పూడ్చి, నునుపు చేసి, సున్నం పూత పూసి, ఆపై రంగులు వేస్తారు.

ఈ పద్ధతి బొమ్మ ఆకృతినే నిర్ణయించింది. ఏటికొప్పాక లక్కబొమ్మతో పోలిస్తే ఈ విషయం తెలుస్తుంది. అక్కడ గిర్రున తిరిగే అంకుడు కర్రకు ఉలి ఆనించి రూపం తీస్తారు కనుక బొమ్మకు గుండ్రదనం సహజంగా వస్తుంది. కొండపల్లిలో చేతిని ఎంత ఎత్తాలి, కాలిని ఎంత మడవాలి అన్న నిర్ణయానికి అతికించే దశలో కూడా అవకాశం ఉంటుంది. పనిలో ఉన్న మనిషి భంగిమకు ఇది ఎంతో అనువైన పద్ధతి.

అయితే భంగిమకు దొరికిన ఈ స్వేచ్ఛ ముఖానికి దొరకలేదు. కళ్లు, కనుబొమలు, మీసం ప్రధానంగా కుంచె పని. గీత కార్మికుడి నుంచి చెట్టును, మోకును, కల్లుకుండను తొలగిస్తే అతనికీ బండి తోలే రైతుకూ తేడా చెప్పడం కష్టం. దండి స్వభావోక్తిని జాతి, క్రియ, గుణ, ద్రవ్యాలను బట్టి విభజించాడు. ఆ పరిభాషలో కొండపల్లి బొమ్మను క్రియాస్వభావోక్తి అనవచ్చు. ఇందులో చెప్పినది పనిని గురించే. చేసే వ్యక్తిని గురించి కాదు.

3. హాస్యం - దాని పరిమితి:
భరతుడు నాట్యశాస్త్రంలో హాసాన్ని స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు విధాలుగా పేర్కొన్నాడు. కొండపల్లి శ్రమజీవిని చూసినవారికి కలిగేది వీటిలో మొదటిదైన స్మితమే. భంగిమలో కొద్దిపాటి అతిశయం ఉంటుంది కాని, అవయవలోపాన్నో, పేదరికాన్నో ఎత్తిచూపే ధోరణి ఉండదు. పైగా దేవతకు కన్నుగీసే శైలిలోనే కూలిమనిషికీ కన్ను గీస్తారు. ఇది ఈ కళ శ్రమజీవికి ఇచ్చిన గౌరవం.

ఆ గౌరవానికి మరో పార్శ్వం కూడా ఉంది. ఈ బొమ్మలకు అలసట లేదు. ఏళ్ల తరబడి బరువు మోసిన వెన్ను, పగిలిన పాదం, పని ముగిసి చతికిలబడిన దేహం ఇందులో చోటు చేసుకోలేదు. చెట్టుమీది నుంచి జారిపడి గీత కార్మికులు మరణించడం తెలుగునాట తెలిసిన విషాదమే. బొమ్మలోని మనిషికి మాత్రం ఆ భయం తాకదు.

4. తులనాత్మక పరిశీలన:
ఈ లోటు కర్రబొమ్మకు సహజమైనదా, కొండపల్లి సంప్రదాయపు ఎంపికా అన్నది తేలాలంటే శ్రామికులనే వస్తువుగా తీసుకున్న మరో దారుశిల్పంతో పోల్చవలసి ఉంటుంది. ‘డోదర్‌హుల్తార్న్’ పేరుతో ప్రసిద్ధుడైన స్వీడన్ శిల్పి ఆక్సెల్ పీటర్సన్ (1868-1925) తన చుట్టూ ఉన్న గ్రామీణులను, పెళ్లి, అంత్యక్రియల వంటి సందర్భాలను వ్యంగ్యరూపాల్లో చెక్కాడు. అతని శిల్పాలకు ఆస్కార్స్‌హామ్న్ పట్టణంలో ప్రత్యేక మ్యూజియం ఉంది.

పీటర్సన్ కత్తి గాట్లను నునుపు చేయకుండా వదిలేశాడు. ఆ గరుకు పలకలే ముడతలుగా, వేలాడే కోటుగా, కుంగిన భుజంగా కనిపిస్తాయి. అతని గుర్రాలు కూడా అలసినవే. కొండపల్లిలో మక్కు, సున్నం ఉలి గాటును పూర్తిగా కప్పేస్తాయి. దీనివల్ల రెండు శ్రమలు ఒకేసారి కనుమరుగవుతాయి: బొమ్మలోని మనిషి పడ్డ శ్రమ, బొమ్మను చెక్కిన మనిషి పడ్డ శ్రమ. కాబట్టి అలసట లేకపోవడానికి కారణం కర్ర కాదు; నునుపును సౌందర్యంగా భావించిన సంప్రదాయం.

అయితే వ్యంగ్యరూపానికీ ఒక ప్రమాదం ఉంది. పల్లెటూరి పేదను వికృతంగా చూపిన శిల్పం పట్టణ ప్రదర్శనశాలకు చేరినప్పుడు స్మితం ఉపహసితంగా దిగజారవచ్చు. కొండపల్లి బొమ్మకు ఆ ప్రమాదం తక్కువ.

5. కొలువు నుంచి అల్మరాకు:
తెలుగువారి ఇళ్లలో సంక్రాంతికి తీర్చే బొమ్మల కొలువులో దేవతలూ మనుషులూ ఒకే లోకంగా అమరుతారు. అది మంగళప్రదమైన సందర్భం. అక్కడ గీత కార్మికుడు తన కష్టాన్ని చెప్పుకోవడానికి రాలేదు. లోకం అతడు లేనిదే పూర్తికాదు కనుక వచ్చాడు. అలసట లేకపోవడం ఆ సందర్భంలో లోపం కాదు.

అదే బొమ్మ హస్తకళల దుకాణం నుంచి జ్ఞాపికగా వెళ్లి గాజు అల్మరాలో ఒంటరిగా నిలిచినప్పుడు అర్థం మారుతుంది. కొలువు ఇచ్చిన పొందిక పోయి, ఎన్నడూ అలసిపోని పల్లెమనిషి మాత్రమే మిగులుతాడు. ‘పల్లె జీవనానికి అద్దం’ అన్న ప్రశంస సరిగ్గా ఇక్కడే అసత్యమవుతుంది. భౌగోళిక గుర్తింపు ఈ బొమ్మల పేరుకు రక్షణ కల్పించగలదు గాని, కోల్పోయిన సందర్భాన్ని తిరిగి ఇవ్వలేదు.

6. ముగింపు:
• కొండపల్లి శ్రమజీవి బొమ్మ వ్యక్తిచిత్రణ కాదు, క్రియాస్వభావోక్తి. దాని బలం ముఖంలో కాక భంగిమలో ఉంది.
• అందులోని హాస్యం స్మితం దాటదు. ఆ సంయమనమే శ్రమజీవిని అవహేళన నుంచి కాపాడింది, అతని అలసటను దాచింది కూడా.
• మక్కు, సున్నం చెక్కినవారి శ్రమను సైతం కప్పేస్తాయి. రంగు వేయని బొమ్మను, దాని ఉలి గాట్లను పూర్తయిన బొమ్మ పక్కన ఉంచి ప్రదర్శిస్తే ఆ శ్రమ చూపరులకు తెలుస్తుంది.
• ఈ బొమ్మలను వాస్తవానికి ప్రతిబింబంగా కాక, కొలువు కోసం ఊహించిన లోకంగా చదివినప్పుడే వాటి గొప్పతనం, పరిమితి రెండూ న్యాయంగా అర్థమవుతాయి.