పాత డెస్క్‌టాప్‌కు కొత్త కొలువు

ఇంట్లో మూలన పడ్డ డెస్క్‌టాప్‌ను పాత సామాన్ల బండికి వేసేముందు ఒక్కసారి ఆలోచించమని ఈ వారం నా మనవి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ పైదో అయి ఉండాలి. దాంతో నిన్నమొన్నటిదాకా నిక్షేపంగా నడిచిన యంత్రాలు చాలా ఇళ్లలో అటకెక్కాయి. వాటిలో పాడైంది ఏమీ లేదు. ఇంటిల్లిపాది ఫైళ్లను ఒకచోట ఉంచి, ఎవరడిగితే వాళ్లకు అందించే పనికి అవి ఇప్పటికీ ధారాళంగా సరిపోతాయి. ఆ పనికి గొప్ప ప్రాసెసర్ అక్కర్లేదు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, చివరికి మానిటర్ కూడా అక్కర్లేదు.

మా ఇంట్లో అలాంటి సర్వర్ ఒకటి నడుస్తోంది. బంధువుల ఇళ్లలోనూ కొన్ని కట్టాను. ప్రతిచోటా మొదట కనిపించేది ఒకే పరిస్థితి. పెళ్లి వీడియో ఏదో పెన్‌డ్రైవ్‌లో ఉందంటారు, ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడుందో తెలియదు. పొలం పాస్‌బుక్ స్కాన్ వాట్సాప్‌లో ఎవరో ఎవరికో పంపిన మెసేజీలో ఉంటుంది. పిల్లల చిన్నప్పటి ఫొటోలు స్క్రీన్ పగిలిన పాత ఫోన్‌లో చిక్కుకుని ఉంటాయి. గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో పోయింది. ఇప్పుడిచ్చే ఉచిత 15 జీబీలో మెయిల్ కూడా ఇమడాలి. క్లౌడ్‌కు డబ్బు కట్టడం తప్పేమీ కాదు. కానీ డబ్బు కట్టినా, కట్టకపోయినా, మన ఇంటి ఫైళ్లు ఏవి, వాటిలో ఎవరివి ఏవి అని మన బదులు ఇంకెవరూ ఆలోచించరు. సర్వర్ కట్టడానికి కూర్చుంటే ఆ ఆలోచన తప్పదు. ఈ పని మీద నాకింత ఇష్టం కలగడానికి కారణం అదే.

ముందు యంత్రం సంగతి. పక్క డోరు విప్పగానే ధూళి. పెయింటు బ్రష్షుతో వదిలించి బ్లోయర్ పట్టాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేదంటే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు దెబ్బతింటుంది. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ బిగిస్తే, ఆన్ కాని సిస్టమ్‌లు ఎన్నో లేచి కూర్చుంటాయి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటే తేదీ, సెట్టింగులు నిలవవు. కొత్తది వేసి బయోస్‌లోకి వెళ్లి, కరెంటు పోయి వచ్చాక సిస్టమ్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టాలి. కరెంటు కోతలున్న ఊళ్లో ఈ ఒక్క సెట్టింగు లేకపోతే సర్వర్ సగం రోజులు నిద్రలోనే ఉంటుంది. విడిభాగాలు కావాలంటే, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత డీడీఆర్3 ర్యామ్ దగ్గర్నుంచి ఎస్‌ఎంపీఎస్ దాకా దొరుకుతాయి.

పాత యంత్రంలో అన్నీ నమ్మొచ్చు గానీ పాత హార్డ్ డిస్కును మాత్రం పరీక్షించకుండా నమ్మకూడదు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే రాసిపెట్టుకుంటుంది, స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో ఆ చిట్టా చదవొచ్చు. నేను మొదట చూసేవి మూడు అంకెలు. తొమ్మిదో నంబరు వరుసలో డిస్కు ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది. ఐదో నంబరులో, చెడిపోయిన సెక్టార్లకు బదులుగా వాడుకున్న కొత్త సెక్టార్ల లెక్క. 197లో, చదవడానికి మొరాయిస్తూ అనుమానంలో ఉన్న సెక్టార్ల లెక్క. గంటలు 30,000 దాటినా నేను కంగారుపడను. ఐదు, 197 నంబర్లలో సున్నా కాక ఇంకేదైనా ఉండి, అది వారం వారం పెరుగుతుంటే మాత్రం ఆ డిస్కులో పెళ్లి ఫొటోలు పెట్టే ప్రసక్తే లేదు. సర్వర్‌కు డబ్బు పెట్టదలిస్తే కొత్త డిస్కుకే పెట్టాలి.

ఇక సాఫ్ట్‌వేర్. నేను డెబియన్ లినక్స్ వేస్తాను. డెస్క్‌టాప్ హంగులేవీ లేకుండా వేస్తే 2 జీబీ ర్యామ్‌తోనే హాయిగా నడుస్తుంది. 13వ వెర్షన్ నుంచి 32 బిట్ ప్రాసెసర్లకు ఇన్‌స్టాలర్ రావడం లేదు కాబట్టి 64 బిట్ ప్రాసెసర్ కావాలి. కోర్ 2 డ్యుయో నాటి యంత్రమైనా పనికొస్తుంది. కమాండ్లంటే జంకేవాళ్లకు డెబియన్ మీదే కట్టిన ఓపెన్‌మీడియావాల్ట్ ఉంది, బ్రౌజర్‌లోనే అన్నీ చేసుకోవచ్చు. ఏది వేసినా లోపల ఫైళ్లు పంచిపెట్టేది సాంబా. 1991 చివర్లో కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్, తన డాస్ కంప్యూటర్ నుంచి యూనిక్స్ కంప్యూటర్‌లోని డిస్కును వాడుకోవాలనుకున్నాడు. రెండు యంత్రాల మధ్య నెట్‌వర్క్‌లో నడిచే ప్యాకెట్లను గమనించి, ఆ సంభాషణ తీరు పట్టుకుని, జవాబిచ్చే ప్రోగ్రామ్ తానే రాశాడు. రాసి అందరికీ ఇచ్చేశాడు. ఒక విద్యార్థి తన అవసరానికి మొదలుపెట్టిన పని, ఎన్నో చేతులు కలిసి, ఈ రోజు మన ఇంటి టీవీకి, ఫోన్‌కు, ల్యాప్‌టాప్‌కు ఒకే ఫోల్డరు చూపిస్తోందంటే నాకు నిజంగా కృతజ్ఞత కలుగుతుంది.

సాంబాలో అసలు పని ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ రాయడం. ఏ ఫోల్డరు ఏ పేరుతో కనిపించాలి, ఎవరికి కనిపించాలి, ఎవరు మార్చొచ్చు అన్నవి అందులో నాలుగైదు లైన్లలో తేలిపోతాయి. మా ఇంట్లో ‘ఫొటోలు’ అనే ఫోల్డరును అందరూ చూడొచ్చు, చేర్చడానికీ తీసేయడానికీ మాత్రం నాకూ మా ఆవిడకూ అధికారం. ‘కాగితాలు’ అనేదానిలో ఇంటి దస్తావేజులు, ఈసీలు, పాస్‌బుక్కులు, ఆసుపత్రి రిపోర్టులు ఉంటాయి. అది మా ఇద్దరికి తప్ప ఎవరికీ కనిపించదు. ‘ఉమ్మడి’ అనేదానిలో ఎవరైనా ఏదైనా వేయొచ్చు, తీయొచ్చు. ఇవిగాక ఎవరి ఫోల్డరు వాళ్లకుంటుంది. మా అమ్మాయి తన ఫోల్డరు నాకు కూడా తెరుచుకోకూడదని అడిగింది. సర్వర్ నా చేతుల్లో ఉన్నంతకాలం నేను తలుచుకుంటే చూడగలనని దాచకుండా చెప్పాను, చూడనని మాటిచ్చాను. మా నాన్నగారు మాత్రం తన ఆసుపత్రి రిపోర్టులు పిల్లలందరికీ కనిపించాలన్నారు, అవసరమైన వేళ ఎవరు దగ్గరుంటే వాళ్లు తీసి డాక్టరుకు చూపిస్తారని. అలా అవి ‘కాగితాలు’ నుంచి వేరే ఫోల్డరులోకి మారాయి. సాంబా ఫైల్లో ఇది ఒక్క లైను మార్పు. ఆ లైను వెనక, ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ జరగని సంభాషణ ఉంది.

తుడిచేయడం గురించి కూడా ముందే ఆలోచించాలి. నెట్‌వర్క్ ఫోల్డరులోంచి ఫైల్ డిలీట్ చేస్తే అది విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. ఈ సంగతి తెలియక పోగొట్టుకునేవాళ్లు చాలామంది. సాంబాలో రీసైకిల్ అనే మాడ్యూల్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే తీసేసిన ఫైళ్లు ఒక దాపు ఫోల్డరులోకి చేరతాయి. పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ కలిసి వాడే ఇంట్లో ఇది లేకుండా సర్వర్ అప్పగించకూడదు.

వేగం తగ్గిందని అనిపిస్తే సాధారణంగా తప్పు యంత్రానిది కాదు, తీగది. గిగాబిట్ కనెక్షన్‌లో సెకనుకు దాదాపు 110 ఎంబీ వెళ్తుంది, 100 మెగాబిట్‌లో 11, 12 ఎంబీ దాటదు. 4 జీబీ వీడియో మొదటిదానిలో నిమిషం లోపే, రెండోదానిలో ఆరు నిమిషాలకు చేరుతుంది. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలూ సరిగ్గా అంటితేనే గిగాబిట్. నీలం, గోధుమ రంగు జతల్లో ఒక్క తీగ తెగినా సాధారణంగా కనెక్షన్ పోదు, చడీచప్పుడు లేకుండా 100కు దిగిపోతుంది. పదో తరం ప్రాసెసర్ కొనాలేమోనని దిగులుపడేవాళ్లకు నేను ముందుగా కేబుల్ మార్చి చూడమంటాను.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. లినక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లకు మించకూడదు. అక్కడ వాడే యూనికోడ్ రూపంలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటాయి. అంటే ‘కృష్ణ’ అన్న పేరే 15 బైట్లు. మొత్తం మీద 85 గుర్తులు దాటితే ఫైల్ కాపీ కాదు. కాబట్టి పేరు చిన్నగా, ముందు సంవత్సరంతో పెట్టుకుంటే సరి. తెలుగు పేర్లు మాత్రం మానొద్దు. మా నాన్నగారు ఫోల్డర్లు వెతుక్కోగలుగుతున్నది అవి తెలుగులో ఉన్నందుకే. ఆయన వ్యాసాలు ఒకప్పుడు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేయించినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే కనిపించేవి అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలే. అలాంటి ఫైళ్లున్నవాళ్లు వాటి పక్కనే ఫాంట్‌ను, పీడీఎఫ్‌ను కూడా దాచాలి. వీలున్నప్పుడు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఫైల్ భద్రంగా ఉండి కూడా చదవడానికి వీల్లేకపోతే దాచిన ఫలితం దక్కదు.

భద్రత విషయంలో నేను రాజీపడను. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది విండోస్‌లో ఎస్‌ఎంబీ (సాంబా కూడా వాడే ఫైళ్ల పంపిణీ పద్ధతి) మొదటి వెర్షన్ లోపం పట్టుకునే. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మందు మార్చిలోనే విడుదలైంది, వేసుకోనివాళ్లు నష్టపోయారు. సాంబా 2019లో వచ్చిన 4.11 నుంచి ఆ పాత వెర్షన్‌ను మామూలుగా ఆపేసే ఉంచుతోంది. పాత టీవీ కోసమనో పాత ఫోన్ కోసమనో దాన్ని మళ్లీ ఆన్ చేయొద్దు. రూటర్‌లో ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టు బయటికి తెరవనే తెరవొద్దు. డల్లాస్‌లో ఉన్న కొడుకు సంక్రాంతి ఫొటోలు చూడాలంటే వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ దారులున్నాయి.

ఇన్ని చేశాక కూడా ఒకే డిస్కులో ఉన్న ఫైల్ భద్రంగా ఉన్నట్టు కాదు. రెండు డిస్కులను జతచేసి రెయిడ్ పెట్టినా, అది డిస్కు చెడిపోయినప్పుడు ఆదుకుంటుంది తప్ప, పొరపాటున తుడిచేస్తే రెండిట్లోనూ తుడిచేస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటి బయట అన్న నియమం పాటించదగ్గది. మేము ప్రతి రాత్రీ ఆర్‌సింక్‌తో రెండో డిస్కుకు కాపీ తీస్తాం. అదీ ట్రిడ్జెల్ చేతి పనే. పాల్ మెకరస్‌తో కలిసి 1996లో ఇచ్చాడు. మారిన ఫైళ్లను మాత్రమే పంపుతుంది కాబట్టి రోజూ పట్టే సమయం కాసేపే. మూడో ప్రతి మా అన్నయ్యవాళ్ల ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా డిస్కు ఆయనకిస్తాను, ఆయన డిస్కు మా ఇంటికొస్తుంది. రెండూ పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసినవే.

కరెంటు ఖర్చు కూడా లెక్క చూసుకోవాలి. ఊరికే ఉన్నప్పుడు 40 వాట్లు తీసుకునే యంత్రం రోజంతా నడిస్తే నెలకు సుమారు 29 యూనిట్లు. బిల్లు పై శ్లాబుకు చేరేలా ఉంటే రాత్రి బ్యాకప్ అయ్యాక ఆపేసి, బయోస్ అలారంతో పొద్దున్నే లేచేలా పెట్టుకోవచ్చు. అదనపు గ్రాఫిక్స్ కార్డు ఉంటే పీకేయాలి. అయినా ఖర్చు ఎక్కువనిపించే మరీ పాత యంత్రమైతే దాన్ని ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికే ఇవ్వడం మేలు. అన్ని పాతవాటినీ బతికించాలని నేననను. బతికించదగినవాటిని చూడకుండా పారేయొద్దంటాను.

సర్వర్ కట్టేవాళ్లందరికీ చివరిగా నేను చెప్పేది ఒకటే. పాస్‌వర్డ్‌లు, డిస్కులు ఎక్కడున్నాయి, పోయిన ఫైల్‌ను తిరిగి ఎలా తెచ్చుకోవాలి అన్నవి ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇంటివాళ్లకు ఇవ్వండి. ఇచ్చి ఊరుకోకుండా, మీరు పక్కన నిలబడి ఒక్క మాటా చెప్పకుండా, ఆ కాగితం చూసి వాళ్లనే ఒక ఫైల్ వెనక్కి తెమ్మనండి. వాళ్లు ఆగినచోటల్లా తప్పు కాగితానిదే, అక్కడ తిరగరాయండి. మా ఆవిడ కాగితం పట్టుకుని ఆసుపత్రి రిపోర్టును బ్యాకప్‌లోంచి తీసి చూపించాకే మా ఇంట్లో సర్వర్ ఉందని నేను అందరికీ చెప్పడం మొదలుపెట్టాను. కట్టినవాడు ఒక్కడికే తెలిసిన సర్వర్ ఇంటిది కాదు, అది ఇంకా ఆ ఒక్కడిదే.